2.4 లక్షల కిలోమీటర్ల బండి: ఎర్ర బ్రేక్ లైటు, పసుపు ఏబీఎస్ లైటు వచ్చి పోతున్నాయి. గువ్వలచెరువు ఘాటుకు పోవచ్చా?

ఉగ్గాని_బజ్జి
2012 డీజిల్, ఏడు సీట్ల బండి, ముందు చక్రాలు లాగేది. మీటర్లో 2,41,300. ఉండేది కర్నూల్లో. పది రోజుల నుంచి మీటర్ బోర్డులో రెండు లైట్లు నాతో ఆడుకుంటున్నాయి. ఒకటి ఎర్రది, గుండ్రంలో ఆశ్చర్యార్థకం గుర్తు. రెండోది పసుపు ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటుది.

బెలుం గుహలు చూసి వస్తుంటే ఎర్రది మొదలైంది. మలుపు తిప్పినప్పుడో, గట్టిగా బ్రేకు కొట్టినప్పుడో వెలుగుతుంది, బండి సమంగా నడిస్తే ఆరిపోతుంది. పసుపుది అట్ల కాదు, ఒకసారి వెలిగిందంటే బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేసేదాకా పోదు. బ్రేకు అయితే పడుతోంది. మా వీధి మెకానిక్ బ్రేక్ ఆయిల్ పోశాడు, ఎర్రది పోయింది. నాలుగో రోజు మళ్లీ ప్రత్యక్షం. "పాత బండి కదన్నా, సెన్సర్లు అట్లే చేస్తాయి, పట్టించుకోవద్దు" అంటాడు. ఇంకో షెడ్డులో చూపిస్తే ఏబీఎస్ యూనిట్ పోయింది, నలభై వేలు పెట్టుకో అన్నారు.

వచ్చే ఆదివారం కడప మీదుగా రాయచోటికి పెళ్లికి పోవాలి, మధ్యలో గువ్వలచెరువు ఘాటు, కొండదారి. అమ్మా నాన్నా, ఇద్దరు పిల్లలు వస్తారు. రెండు లైట్లకూ కారణం ఒకటేనా? ఈ బండితో పోవచ్చా?

తాడిపత్రి_బండ
హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించినావా? నవ్వొద్దు. నాకు ఇట్లే అయి మూడు షెడ్లు తిరిగినా. కేబుల్ సాగి, లివర్ చివరి అంగుళం దిగడం లేదు. లైటు వెలిగినప్పుడు లివర్‌ను చేత్తో కిందికి అదిమి చూడు. ఆరితే గొడవ అక్కడి స్విచ్‌దే.

ఉగ్గాని_బజ్జి
అదిమి చూశా సామీ. ఏ మార్పూ లేదు.

ఏడురోడ్ల_కూడలి
రెండు బల్బులూ పీకెయ్. సమస్య క్లోజ్, నలభై వేలు మిగులు.

బుడ్డల_చేను
పైన ఆయన జోక్ చేశాడు గానీ నేను అట్లా పీకేసిన బండినే కొన్నా. అనంతపురంలో సెకండ్ హ్యాండ్, 1,30,000 తిరిగింది. తాళం తిప్పగానే అన్ని లైట్లూ ఒకసారి వెలిగి ఆరాలి కదా, ఏబీఎస్ లైటు అసలు వెలగనే లేదు. అప్పట్లో నాకు ఆ సంగతి తెలీదు, లైటు లేదంటే బండి ఆరోగ్యంగా ఉందనుకున్నా. ఆరు నెలల తర్వాత బోర్డు విప్పితే ఆ బల్బు మీద నల్ల టేపు చుట్టి ఉంది. అప్పటి నుంచి ఎవరు బండి కొంటున్నా ముందు తాళం తిప్పించి లైట్లు లెక్కబెడతా, ఆ తర్వాతే టైర్లు.

వైరింగ్_మామ
అనంతపురంలో ఇరవై ఆరేళ్లు ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు నడిపినా. ఇప్పుడు కొడుకు చూసుకుంటాడు, నేను ఇట్లా రాసుకుంటా కూర్చుంటా.

ముందు రెండు లైట్లనూ విడదీయి. రెండూ ఒకేసారి వచ్చినాయని ఒకే జబ్బు అనుకోవద్దు. 2.4 లక్షలు తిరిగిన బండికి రెండు జబ్బులు ఉండే హక్కుంది.

ఎర్రది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఒక బెండు తేలుతుంటుంది. మట్టం మినిమం గీత దగ్గరికి దిగితే బెండు కూడా దిగి స్విచ్ కలుస్తుంది, లైటు వెలుగుతుంది. నువ్వు చెప్పిన మలుపు సంగతే ఇక్కడ కీలకం. మట్టం సరిగ్గా అంచు మీద ఉంటే మలుపులో, బ్రేకులో ఆయిల్ ఒక పక్కకు ఊగుతుంది, బెండు ఒక క్షణం దిగుతుంది, మళ్లీ లేస్తుంది. అంటే సెన్సర్ పాడు కాలేదు. తన పని తాను బాగానే చేస్తోంది.

ఇక ఆయిల్ ఎందుకు తగ్గింది? కారణాలు రెండే. చక్రాన్ని పట్టి ఆపే ప్యాడ్లు అరిగితే వాటిని నెట్టే పిస్టన్ బయటికొస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ పోతుంది, డబ్బాలో తగ్గుతుంది. ఇది నెలల మీద జరిగే పని. రెండోది ఎక్కడో కారుతోంది. నాలుగు రోజుల్లో మళ్లీ తగ్గిందంటే నేను ప్యాడ్లను అనుమానించను. మీ మెకానిక్ ఆయిల్ పోసి సాక్షి నోరు మూయించాడు, అంతే.

ఈ సాయంత్రం చెయ్యాల్సినవి చెప్తా. డబ్బా బయట మట్టం దగ్గర టేపు ముక్క అంటించి పెన్నుతో గీత గియ్యి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి పెడల్ మీద గట్టిగా కాలు పెట్టి ఒక నిమిషం అట్లే ఉంచు, మెల్లగా కిందికి జారుతోందా చూడు. తర్వాత టార్చి పట్టుకుని నాలుగు చక్రాల లోపలి పక్క చూడు. బయటి పక్క కాదు, లోపలి పక్క.

పసుపుది రేపు మాట్లాడుకుందాం. ముందు ఇది తేలనీ.

పాత_లారీ
మామ చెప్పింది సరే గానీ అంత భయపెట్టాలా? పాత బండి కొంచెం ఆయిల్ తాగుతుంది. నా బండికి నెలకోసారి పోస్తా, పదేళ్లుగా నడుస్తోంది.

వైరింగ్_మామ
ఇంజిన్ ఆయిల్ తాగుతుంది అప్పా, కాలిపోయే దారి ఉంది దానికి. బ్రేక్ ఆయిల్‌కు ఆ దారి లేదు. మూసిన గొట్టాల్లో తిరుగుతుంది. తగ్గితే ప్యాడ్ల వెనకన్నా ఉండాలి, నేల మీదన్నా ఉండాలి. నీది నెలకోసారి యాడికి పోతోందో ఒకసారి చూసుకో.

నందికొట్కూరు_అక్క
నేల మీదే కాదు మామా, ఇంకో చోటు కూడా ఉంది. నా బండికి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టేది) వెనక నుంచి కారి బూస్టర్‌లోకి (పెడల్‌కు బలం ఇచ్చే డబ్బా) పోయింది. బయట చుక్క తడి లేదు. రెండు నట్లు విప్పి సిలిండర్‌ను కొంచెం ముందుకు లాగితే గానీ తెలియలేదు, లోపల అరగ్లాసు ఆయిల్ ఉంది. నాలుగు చక్రాలూ పొడిగా ఉంటే అక్కడ చూడండి.

పెడల్ మెల్లగా జారితే మాత్రం, ఆయిల్ తగ్గకపోయినా మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లు పోయినట్టే. ఆయిల్ ఒక గది నుంచి ఇంకో గదికి జారుతుంది, డబ్బా నిండుగానే ఉంటుంది, లైటు రాదు. అది లైటు కన్నా ప్రమాదం.

వైరింగ్_మామ
బూస్టర్ సంగతి నాకు తట్టలేదు. అక్క చెప్పింది కరెక్ట్.

ఉగ్గాని_బజ్జి
ఇప్పుడే లేచి చేతులు కడుక్కుని రాస్తున్నా.

పెడల్ నిమిషం పట్టుకున్నా, జారలేదు. ముందు చక్రాల సందులో నుంచి చూస్తే ప్యాడ్లు 3 మిల్లీమీటర్లు ఉంటాయేమో, అంతే. కుడి వెనక చక్రం పొడిగా ఉంది. ఎడమ వెనక చక్రం లోపలి పక్క, డ్రమ్ వెనక ఇనుప పలక అంచు నుంచి టైరు గోడ మీదికి ఒక చార కిందికి దిగి ఉంది. చెయ్యి వెడల్పుంది. దాని మీద దుమ్ము అతుక్కుని బురద పట్టులా అయింది. వేలు పెడితే జారుగా తగిలింది.

ఫొటో చూపిస్తే మా బావ అది యాక్సిల్ ఆయిల్, బ్రేకుకు సంబంధం లేదు అంటున్నాడు.

వైరింగ్_మామ
ముందు చక్రాలు లాగే బండికి వెనక యాక్సిల్ ఆయిల్ ఎక్కడి నుంచి వస్తుంది? బావకు నా నమస్కారాలు చెప్పు. ఎండకు హబ్బు గ్రీజు కరిగి కారిందేమో అన్న అనుమానం ఒక్కటే మిగిలింది. దానికి తేలిక పరీక్ష ఉంది. ఆ చార మీద చెంబెడు నీళ్లు పొయ్యి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసి కడుక్కుపోతుంది. గ్రీజు అయితే నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, మరక కదలదు.

ఉగ్గాని_బజ్జి
కడుక్కుపోయింది.

తాడిపత్రి_బండ
అయితే వీల్ సిలిండర్, డ్రమ్ లోపల బ్రేకు షూలను నెట్టేది. డ్రమ్ విప్పించు. లోపలి రబ్బరు వాషర్ల కిట్ వేసుకుంటే చాలు, రెండొందల్లో పోతుంది.

నందికొట్కూరు_అక్క
2.4 లక్షలకు కిట్ వద్దు. లోపలి గోడ తుప్పుకు గుంటలు పడి ఉంటే కొత్త వాషర్ రెండు నెలలకే తెగుతుంది. సిలిండరే మార్చండి, రెండు పక్కలా. ఆయిల్ తడిసిన షూలు కూడా పారేయండి.

పాత_లారీ
షూలు పెట్రోల్‌తో కడిగి కాల్చి వేస్తే సరిపోతుంది. మేం జీవితమంతా అదే చేశాం.

నందికొట్కూరు_అక్క
చేశారు, అది తప్పే అన్నా. లైనింగ్ స్పాంజిలా ఆయిల్ పీల్చుకుంటుంది. పైన కాల్చినా డ్రమ్ వేడెక్కితే లోపలిది మళ్లీ పైకొస్తుంది. ఆ చక్రం ఒక రోజు జారుతుంది, ఒక రోజు పట్టేస్తుంది.

కొండారెడ్డి_బురుజు
ఆదివారం సంగతి అటుంచు, ఇప్పటి నుంచే బండి తీయొద్దు. బ్రేక్ లైన్లు రెండు భాగాలుగా ఉంటాయి, ఒకటి మొత్తం ఖాళీ అయినా రెండు చక్రాలకు బ్రేకు మిగులుతుంది, నిజమే. కానీ పెడల్ సగం కన్నా కిందికి పోతుంది, ఆగే దూరం బాగా పెరుగుతుంది. ఎదురుగా నాపరాళ్ల ట్రాక్టర్ ఉన్నప్పుడు ఆ లెక్కలు గుర్తు రావు.

ఓబీడీ_పిచ్చి
పసుపు లైటుకు నేను హాజరు. ఫోన్‌కు కనెక్ట్ అయ్యే చిన్న స్కానర్ కొని పెట్టి చూడన్నా, వెయ్యి లోపే వస్తుంది.

ఉగ్గాని_బజ్జి
మా తమ్ముడి దగ్గర ఉంటే పెట్టి చూశా. "కోడ్లు ఏమీ లేవు" అంటోంది. లైటు ఎదురుగా వెలుగుతూనే ఉంది.

వైరింగ్_మామ
ఆ చౌక స్కానర్లలో ఎక్కువ భాగం ఇంజిన్‌తో మాత్రమే మాట్లాడతాయి. పీ అక్షరంతో మొదలయ్యే కోడ్లు ఇంజిన్‌వి. ఏబీఎస్‌వి సీతో మొదలవుతాయి, వాటికి ఏబీఎస్ చదవగలిగే స్కానర్ కావాలి. "కోడ్లు లేవు" అన్నదానికి అర్థం "నాకు ఆ గదిలోకి ప్రవేశం లేదు" అని.

స్కానర్ కన్నా ముందు ఒక ప్రశ్న. బండి ఆగబోయే ముందు, పది పదిహేను స్పీడులో మెల్లగా బ్రేకు నొక్కినప్పుడు పెడల్ కింద కటకటమని కొట్టుకుంటోందా?

ఉగ్గాని_బజ్జి
అయ్యో, అవును! నంద్యాల చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్‌కు ఆగేటప్పుడు రోజూ కొడుతుంది. రోడ్డు మీద కంకర అనుకున్నా.

వైరింగ్_మామ
నలభై వేలు జేబులోనే పెట్టుకో. ప్రతి చక్రం దగ్గరా ఒక పళ్ల రింగు, దాని ఎదురుగా సెన్సర్ ఉంటాయి. పళ్లు దాటిపోయే లెక్కను బట్టి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఏబీఎస్‌కు తెలుస్తుంది. ఏళ్ల మీద రింగు కింద తుప్పు ఉబ్బి రింగు చీలుతుంది. చీలిక దగ్గర ఒక పన్ను లెక్క తప్పుతుంది. స్పీడు తక్కువ ఉన్నప్పుడు ఆ తేడా పెద్దగా కనపడుతుంది, చక్రం లాక్ అయిందనుకుని ఏబీఎస్ పని మొదలుపెడుతుంది. ఆ కటకట అదే. యూనిట్ పోలేదు, దానికి అబద్ధం అందుతోంది.

ఆదోని_నల్లరేగడి
మామా, తొందరపడొద్దు. నాకు ఏబీఎస్ లైటు వస్తే రింగూ కాదు, గింగూ కాదు, బురద. వానాకాలం చేనికి పోయి వచ్చేవాణ్ని. సెన్సర్ కొనకు నల్లమట్టి, ప్యాడ్ల నుంచి రాలే ఇనుప పొడి కలిసి సిమెంటులా పట్టేసింది. బ్రష్షుతో తోమితే పోయింది.

మైదుకూరు_పసుపు
మాకు ఎలుక. వైరు కొరికింది. పసుపు లైటు కదా, మా పేరు చూసి వచ్చినట్టుంది.

బుడ్డల_చేను
నాకు బ్యాటరీ. పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు కరెంటు పడిపోయి ఏబీఎస్ లైటు వచ్చేది, మధ్యాహ్నం రాదు. కొత్త బ్యాటరీ వేశాక ఇంతవరకూ రాలేదు. వెనక ఒక టైరు వేరే సైజు వేసినా వస్తుందట.

వైరింగ్_మామ
మీరందరూ చెప్పినవి జరిగేవే. అందుకే కటకట గురించి అడిగినా. బ్యాటరీ వీక్ అయితే పెడల్ కొట్టుకోదు. వైరు పూర్తిగా తెగితే ఏబీఎస్ తనను తాను ఆపేసుకుంటుంది, అప్పుడూ కొట్టుకోదు. సిగ్నల్ వస్తూ, తప్పుగా వస్తేనే కొడుతుంది. మట్టి వల్ల కూడా రావచ్చు, ఆదోని ఆయన మాట కొట్టేయను. చక్రం విప్పినప్పుడు ముందు తుడిచి, తర్వాత రింగు చుట్టూ గోరు పెట్టి తడమమను.

ఇంకో ముఖ్యమైన సంగతి. పసుపుది ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుంది, ఏబీఎస్ మాత్రమే ఉండదు. హ్యాండ్ బ్రేక్ దించి, ఆయిల్ నిండుగా ఉండి కూడా ఎర్రదీ పసుపుదీ కలిసి ఆరకుండా వెలిగితే, ముందు వెనక చక్రాలకు బ్రేకు పంచే ఈబీడీ కూడా పోయిందని అర్థం. గట్టిగా కొడితే వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరగొచ్చు. అట్లాంటప్పుడు మెల్లగా షెడ్డుకే, పెళ్లికి కాదు.

రాగిసంకటి
మట్టం తగ్గింది కదా అని ఏది పడితే అది పోయకండి. మా అన్న బండికి డ్రైవర్ పవర్ స్టీరింగ్ ఆయిల్ పోశాడు, రంగు బాగుందట. మూడో రోజు ప్రొద్దుటూరు దాటాక నాలుగు చక్రాలూ పట్టేశాయి. ఆ ఆయిల్ తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బిపోతాయి. మాస్టర్ సిలిండర్, కాలిపర్ సీళ్లు, వీల్ సిలిండర్లు, గొట్టాలు అన్నీ మార్చాల్సి వచ్చింది. ఇరవై మూడు వేలు. డ్రైవర్ జీతం కన్నా ఎక్కువ.

ఉగ్గాని_బజ్జి
మా మెకానిక్ ఏం పోశాడో అడిగితే "బ్రేక్ ఆయిలే అన్నా, డాట్ 3" అన్నాడు. డబ్బా మూత మీద డాట్ 4 అని ఉంది. కొంప మునిగిందా?

కొండారెడ్డి_బురుజు
మునగలేదు. రెండూ ఒక జాతివే, కలుస్తాయి. తేడా మరిగే వేడిలో. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. ఇవి రెండూ గాలిలో తేమ పీలుస్తాయి. తేమ పట్టాక డాట్ 3కి ఆ హద్దు 140కి, డాట్ 4కి 155కి దిగుతుంది. ఘాటు దిగుతూ బ్రేకు మీదే కాలు పెడితే ఆ వేడి వస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ స్పాంజిలా నేలకు దిగుతుంది. ఎలాగూ విప్పుతున్నావు, మొత్తం డాట్ 4 మార్పించు. డాట్ 5 మాత్రం సిలికాన్, అది వీటితో కలవదు, ఎవరు ఊరించినా వద్దు.

పాత_లారీ
ఘాటు మాట వచ్చింది కాబట్టి ఇది నా సబ్జెక్టు. గువ్వలచెరువు కడప నుంచి పోయేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో. ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. డీజిల్ మిగులుద్దని న్యూట్రల్ చేసే మనిషి పక్కన కూర్చోవద్దు. బ్రేకు మీద కాలు ఆనించి రుద్దుకుంటూ దిగకుండా, కొట్టు, వదులు. మా లారీలకు గాలి బ్రేకు, ట్యాంకులో గాలి తగ్గితే బజర్ మోగుతుంది. అయినా డ్రమ్ములు కాలితే గాలి ఎంత ఉన్నా పట్టవు. లోయలో పడిన బండ్లన్నీ గాలి లేక పడినవి కాదు.

పైన షూల విషయంలో అక్కతో వాదించను. నా ఆయిల్ సంగతి కూడా చూపిస్తా.

ఏడురోడ్ల_కూడలి
పైన గువ్వలచెరువులో ఆగి పాలకోవా తీసుకో. డ్రమ్ములు చల్లబడతాయి, ఇంట్లోవాళ్లూ చల్లబడతారు.

తాడిపత్రి_బండ
కొత్త ఆయిల్ పోశాక గొట్టాల్లో చేరిన ఎయిర్ తీసేటప్పుడు పెడల్ ఫుల్లుగా నేలకు తొక్కించు, గాలి మొత్తం పోతుంది.

నందికొట్కూరు_అక్క
పాత మాస్టర్ సిలిండర్‌కు అట్లా చెయ్యకండి. రోజూ సగం దాకానే నడిచిన వాషర్ మొదటిసారి తుప్పు పట్టిన చివరి భాగం మీదికి పోతుంది, అంచు చీలుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి సగం సగం తొక్కండి. మనకు స్టీరింగ్ కుడి పక్క కాబట్టి మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరం ఎడమ వెనక చక్రం, అక్కడి నుంచి మొదలుపెడతారు. కంపెనీ వేరే వరుస చెప్తే అదే పాటించండి.

ఉగ్గాని_బజ్జి
శుక్రవారం పని అయింది. రాస్తానని చెప్పాను కాబట్టి మొత్తం రాస్తున్నా.

ఎడమ వెనక డ్రమ్ సుత్తితో తట్టి తట్టి లాగితే గానీ రాలేదు. వచ్చాక లోపల షూ అరిగిన పొడి ఆయిల్‌లో కలిసి నల్లటి పచ్చడిలా ఉంది. వీల్ సిలిండర్ రబ్బరు టోపీని స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తగానే లోపల ఆగి ఉన్న ఆయిల్ కాలువలా కారింది. మెకానిక్ కుర్రాడు నా వైపు చూసి ఏమీ మాట్లాడలేదు. కుడి పక్కది కారలేదు గానీ టోపీ కింద తడి మొదలైంది. రెండూ మార్పించా. షూలు, ముందు ప్యాడ్లు కొత్తవి, ఆయిల్ మొత్తం డాట్ 4. ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్ వెనక్కి నెట్టితే డబ్బా పొంగబోయింది, ముందే పోయించుకున్న పాపం. సిరంజితో తీశారు. ఒక చుక్క ఫెండర్ మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడిగారు, పెయింట్ లేపేస్తుందట.

పసుపుది వేరే ఎలక్ట్రికల్ షెడ్డులో. ఆయన పెద్ద స్కానర్ పెట్టి నన్ను నడపమన్నాడు. స్క్రీన్ మీద నాలుగు చక్రాల స్పీడు. మూడు 14, 14, 14 చూపిస్తుంటే ముందు ఎడమది 14, 0, 14, 0 అని గంతులు. చక్రం విప్పి సెన్సర్ తుడిచారు (ఆదోని అన్నా, మట్టి బాగానే ఉంది), గంతులు ఆగలేదు. అప్పుడు రింగు చుట్టూ గోరు పెట్టి తిప్పితే ఒక చోట టక్కుమని ఆగింది. వెంట్రుక వాసి చీలిక. రింగు ఒక్కటే వేరేగా దొరికింది. అన్నీ కలిపి, కూలితో సహా, 8,150.

నలభై వేలు చెప్పిన షెడ్డు మీదుగానే ఇంటికొచ్చా. హారన్ కొట్టలేదు, కొట్టాలనిపించింది.

ఏడురోడ్ల_కూడలి
పాలకోవా సంగతి చెప్పు.

ఉగ్గాని_బజ్జి
పెళ్లి అయింది, వచ్చేశాం. దిగుడు మొత్తం సెకండ్ గేరు. వెనక లారీ హారన్ కొడుతూనే ఉంది, పాత_లారీ అన్నా నువ్వు కాదు కదా? కోవా కిలో తీసుకున్నాం, కడప వచ్చేసరికి పిల్లలు సగం చేశారు.

పాత_లారీ
నేను కాదు. నా బండి షెడ్డులో ఉంది. కుడి వెనక వీల్ సిలిండర్. మామకు చెప్పొద్దు.

వైరింగ్_మామ
చదివినా. ఉగ్గానీ, మూడు వారాలయింది, టేపు గీత ఉందా, తీసేసినావా?

ఉగ్గాని_బజ్జి
ఉంది మామా. కొత్త ఆయిల్‌కు కొత్త టేపు వేసినా. పొద్దున మూత దగ్గర టార్చి వేసి చూశా, గీత మీదే ఉంది.